ఆళ్లగడ్డకు వేసిన పసుపు

శనివారం పదకొండు గంటలకు ఫోను మోగితే నంద్యాల ఆఫీసులో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తినా అవతలి మనిషి "లూదియమ్మ లేదా?" అంటాడు. ఆ ఒక్క మాట వినడానికి ఎండాకాలంలో ఫ్యాను కింది కుర్చీ వదులుకుని లేచేదెవరు?

అవతలి మనిషి బాలస్వామి. ఆళ్లగడ్డలో ఎరువుల కంపెనీ డిపోకు ఇన్‌ఛార్జి. ఆ వారం ఏ ఊరికి ఎన్ని బస్తాలు పోయాయో శనివారం ట్రంకాల్ చేసి చెప్పడం ఆయన పని. అవి రాసుకుని టైపు కొట్టడం ప్రాంతీయ ఆఫీసు టైపిస్టు లూదియా పని.

"రుద్రవరం నలభై. చాగలమర్రి ఇరవై. ఉయ్యాలవాడ లేదు. దొర్నిపాడు పదైదు. అంతేనమ్మా."

"అంతేనా?"

"అంతే. ఈడ ఇంగో కంపెనీ డీలరు నాయన కాలం నుంచి పాతుకపోయినాడు. మన బస్తా చూస్తే రైతు మొగం తిప్పుకుంటాండాడు."

అంకెలు తక్కువ కాబట్టి మూడు నిమిషాల కాల్‌లో సగం మిగిలిపోయేది. ఆ మిగిలిన సగమే లూదియా బతుకు. ఇది నేను పెంచి చెప్పడం లేదు. డిపో పక్కనే శిల్పులు రాళ్లు చెక్కే పాక. బాలస్వామి మాట్లాడుతుంటే ఆయన గొంతు వెనక ఉలి చప్పుడు తెగకుండా వినిపించేది.

"ఈ వారం ఏం చెక్కుతాండారు?" అని అడిగేది లూదియా.

"ఏనుగును. కడప పక్క ఏదో గుడికంట. తొండం వచ్చింది. ఇంగా చెవులు రాలేదు."

"పాపం, ఇనపడదు దానికి."

"ఇనపడకుంటేనే మేలు. ఈ ఉలి మోత నేను పడేది చాలదా."

ఆమె నవ్వేది. తర్వాత ఆపరేటరు మధ్యలో వచ్చి టైమయిందనేది. వారం మొత్తం మీద లూదియా నవ్వేది అప్పుడే.

ముప్పై ఆరేళ్లామె. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే, తల్లి మంచాన పడింది, తల్లి పోయాక తండ్రి కళ్లు పోయాయి, తండ్రి కూడా పోయేసరికి సంబంధాలు తెచ్చేవాళ్లు వేరే ఇళ్లకు పోవడం మొదలుపెట్టారు. మిషన్ కాంపౌండు గోడ వెనక ఒక్క గదిలో అద్దెకుంటోంది. ఆదివారం గుడిలో అందరూ "వందనాలమ్మా" అంటారు, ఆమె కూడా అంటుంది, ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకుంటుంది. ఒంటరితనం ఆమెకు అలవాటైపోయిందని చుట్టుపక్కలవాళ్లు అనుకున్నారు. అలవాటు కాలేదు. అన్నం ఒక్కరికి సరిపడా వండడం ఆమెకు ఇంకా చేతకావడం లేదు, రోజూ మిగిలేది.

సీమలో మగవాణ్ణి అన్నా అనకుండా రోజు గడవదు. కండక్టరు అన్న, పాలవాడు అన్న, పోస్టుమాను అన్న. లూదియా నోట కూడా ఆ మాట ఎప్పుడూ ఉండేది. ఒక్క బాలస్వామిని మాత్రం అన్నా అనలేదు. సార్ అనీ అనలేదు. "ఆ, చెప్పండి" అని మొదలుపెట్టి, చివరిదాకా ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చేది. ఈ సంగతి అకౌంటెంటు శేషయ్య పట్టేశాడు. ఆయన లెక్కలు తప్పినా తప్పుతాయి గానీ ఇలాంటివి తప్పవు.

"ఏమ్మా, నన్ను అన్నా అంటావు, అటెండరును అన్నా అంటావు. ఆళ్లగడ్డ ఆయప్పను ఏమీ అనవు. ఏంది కథ?"

"కథేం లేదన్నా. మీ పని మీరు చూసుకోండి."

"నా పని అదే గదమ్మా" అని శేషయ్య పొడుం పీల్చాడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంటన్నర. గంటకో బస్సుంది. అయినా లూదియా ఎన్నడూ పోలేదు, బాలస్వామిని ఎన్నడూ చూడలేదు. పోవాలంటే ఏదో ఒక పనుండాలి గదా. పెళ్లికాని ఆడమనిషి ఊరికే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితే, ఆమె తిరుగు బస్సెక్కకముందే నంద్యాలలో ఆ కబురు కాఫీ తాగుతుంటుంది. బాలస్వామి భార్య పోయి చాన్నాళ్లయిందనీ, పిల్లల్లేరనీ, డిపో వెనక గదిలోనే వండుకుంటాడనీ మాత్రం ఆమెకు తెలుసు. అదీ శేషయ్య చెప్పిందే.

ఎనభై రెండులో కొత్త మేనేజరు వచ్చాడు. కరుణాకర్, హైదరాబాదు మనిషి. చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు. కానీ మద్రాసు హెడ్డాఫీసులో ఒకసారి స్లైడు ప్రొజెక్టరు చూసొచ్చాడు, అప్పట్నుంచి ఆయనకు వేరే లోకం లేదు.

"అంకెలు చదివితే డైరెక్టరుగారు నిద్రపోతారండీ" అన్నాడు అందరినీ కూర్చోబెట్టి. "ఆయనకు పటం చూపించాలి. మన ఏరియా మొత్తం ఒక్క చూపులో కనపడాలి. ఎక్కడ ఎంత అమ్ముతున్నామో రంగుల్లో తెలిసిపోవాలి. పటం గీసి, ఫోటో తీయించి, స్లైడు చేయిస్తాం. మే నెల మీటింగులో తెర మీద వేస్తాం. ఇక్కడ బొమ్మలు ఎవరు గీస్తారు?"

అప్పుడు లూదియా తనకు తెలియకుండానే, "మా నాయన లాంతరుకు నేనే గీసేదాన్ని సార్" అంది.

ఆమె తండ్రి ప్రభుదాసు ఉపదేశి. బండి ఆత్మకూరు పక్క పల్లెల్లో తిరిగి సువార్త చెప్పేవాడు. ఎద్దుల బండిలో ఒక మ్యాజిక్ లాంతరు వేసుకుపోయేవాడు. గాజు పలకల మీద బొమ్మలుంటాయి, వెనక దీపం పెడితే గుడ్డ తెర మీద పెద్దగా పడతాయి. వాటిలో ఒక పలక మీద బైబిలు బొమ్మ ఉండేది కాదు, మిషన్ వాళ్ల పటం ఉండేది. ఆ పలక చేసే పద్ధతి వేరు. గాజును దీపం పొగకు చూపి మసి పట్టించాలి. తర్వాత సంఘం ఏర్పడిన ప్రతి ఊరి దగ్గరా సూదితో ఒక చుక్క గీకాలి. తెర మీద వేస్తే అంతా చీకటి, మధ్యమధ్య వెలుగు చుక్కలు. ఆ చుక్కలు గీకే పని చిన్నప్పటి లూదియాది. మసి చెరగకుండా చిన్న చేతులే చేయగలవని తండ్రి అనేవాడు.

ఏటేటా మిషన్ పెద్దలు ఆ పటం ముందు కూర్చుని ఉపదేశులను ఎక్కడ వేయాలో తీర్మానించేవాళ్లు. చుక్క పడిన ఊళ్లో ఉన్న మనిషిని కదిలించేవాళ్లు కాదు. చీకటి మిగిలిన పక్కకే కొత్తవాళ్లను పంపేవాళ్లు. ప్రభుదాసు ఊరికి చుక్క పడింది. ఆయన చచ్చేదాకా ఆ ఊరు కదల్లేదు. మన ఊరికి వెలుగుంది, మనల్ని ఎవరూ తీసేయరు అని రాత్రిపూట బిడ్డకు ధైర్యం చెప్పేవాడు. ఆ మాట లూదియా ఎముకల్లో ఉండిపోయింది.

కరుణాకర్ తాలూకా ఆఫీసు నుంచి పటం తెప్పించాడు. లూదియా దాన్ని డ్రాయింగు షీటు మీదికి ఎక్కించింది. నంద్యాల, ఆత్మకూరు, బనగానపల్లె, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ. అయిదు డిపోలు, అయిదు గళ్లు. మేనేజరు రంగులు చెప్పాడు. అమ్మకం బాగున్న చోట ముదురాకుపచ్చ. మధ్యస్థంగా ఉంటే లేతాకుపచ్చ. తక్కువుంటే పసుపు.

"ఎరుపు పెడదామా సార్, తక్కువకి?" అన్నాడు శేషయ్య.

"వద్దు. డైరెక్టరుగారికి బీపీ ఉంది."

పసుపు ఆళ్లగడ్డ ఒక్కదానికే వచ్చింది. ఆ సాయంత్రం శేషయ్య టైపు మిషను పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"ఆ పసుపు పడినాక ఇంగ ఆ డిపో ఉండదమ్మా. ఈ మీటింగుతో మూస్తారు. మేనేజరు మనసులో అదే ఉండాది."

"మీకెవరు చెప్పినారన్నా?"

"చెప్పేదేంది. మూయనీకి గాకపోతే పటం ఎందుకు? దుడ్లు పెట్టి బొమ్మలేయించుకుంటారా ఊరికే?"

లూదియా ఇంటికి పోయి అన్నం వండలేదు. డిపో మూస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. శనివారం ఫోను మోగదు. ఉలి చప్పుడు ఉండదు. ఏనుగుకు చెవులొచ్చాయో లేదో తెలియదు. లోకంలో తన పేరు పెట్టి అడిగే గొంతు ఒక్కటే ఉంది, అది ఆగిపోతుంది. ఆమె మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఎందుకంటే ఆ గొంతు కోసం ఏడవడానికి తనకు హక్కు లేదని కూడా ఆమెకు తెలుసు.

అంకెలు మార్చే మనిషి కాదు లూదియా. ప్రభుదాసు కూతురు అబద్ధం రాయదు. పసుపు వేయమన్నారు, పసుపే వేయాలి. కానీ ఎంత చిక్కగా వేయాలో ఎవరూ చెప్పలేదు. అప్పుడు ఆమెకు నాయన లాంతరు గుర్తొచ్చింది. కాగితం మీద ముదురు రంగు గొప్పగా కనపడుతుంది గానీ, చీకటి గదిలో వెనక దీపం పెడితే ముదురు రంగు వెలుగును మింగేస్తుంది. పలచటి రంగే వెలుగుతుంది. ఆళ్లగడ్డ గడికి పసుపు ఎంత పలచగా పూస్తే తెర మీద అంత వెలుగు. వెలుగున్న ఊరిని ఎవరూ కదిలించరు.

పిచ్చి లూదియా. కంపెనీ మిషన్ కాదు గదా.

పొద్దున్నే వచ్చి నీళ్లు ఎక్కువ పోసి పసుపు కలిపింది. మిగతా నాలుగు గళ్లకూ ఆకుపచ్చ చిక్కగా దట్టించి, ఆళ్లగడ్డ మీద కుంచెను తాకీ తాకనట్టు నడిపింది. గాంధీ చౌకు దగ్గర స్టూడియో రాజరత్నం ఫోటో తీయడానికి పటాన్ని గోడకు పెట్టి, వెనక్కి జరిగి చూశాడు.

"ఏమ్మా, ఈ పసుపు మరీ పలచగుంది. స్లైడులో తెల్లగా మండుతాది."

"మండనీలే అన్నా."

"మేనేజరు తిడితే నాకు సంబంధం లేదు."

"లేదులే."

ఫిలిం కడగడానికి మద్రాసు పంపాడు రాజరత్నం. అవి వచ్చేలోపు శనివారాలు వచ్చాయి, పోయాయి. ఒక శనివారం బాలస్వామి అంకెలు చెప్పి, "మీ కాంపౌండు పక్క నీళ్ల వసతి ఎట్లుంటాది?" అన్నాడు.

"ఏం నీళ్లో ఏమో. కొళాయి పొద్దున కాసేపు వస్తాది. వీధి చివర చేదబావి ఉంది, అది నయం. ఎవరికి?"

"ఊరికే అడిగినా. మీటింగుకు నేనూ వస్తాండా. డిపోలోళ్లందరూ రావాలంట. మీతో ఒక మాట చెప్పాల."

లూదియా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "ఇప్పుడే చెప్పండి."

"ఫోన్లో చెప్పేది గాదు. ఆపరేటరమ్మ ఇంటాంటాది."

"నేనేం ఇనడంలే" అంది ఆపరేటరు. "టైమయింది, పెట్టేయండి."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. లూదియా ఫోను పెట్టి, ఆ మాట ఏమై ఉంటుందో మీటింగు రోజుదాకా ఎన్ని విధాల ఊహించిందో చెబితే మీరు నవ్వుతారు. కొత్త చీర కొనలేదు గానీ, ఉన్న వాటిలో నీలం చీరకు గంజి పెట్టింది.

మీటింగు బస్టాండు దగ్గర ఒక లాడ్జి హాల్లో పెట్టారు. మే నెల ఎండ. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టేసరికి హాలు కుంపటిలా తయారైంది. డీలర్లు తువ్వాళ్లతో విసురుకుంటున్నారు. లూదియా ప్రొజెక్టరు పక్కన నిలబడి స్లైడులను తలకిందులుగా ట్రేలో పెడుతోంది. తలకిందులుగా పెడితేనే తెర మీద తిన్నగా పడతాయి. ఇది నాయన లాంతరులోనూ అంతే, ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

"లూదియమ్మ లేదా?"

వెనక నుంచి వినిపించింది. ఆమె తిరగలేదు. తిరిగితే ఆ గొంతుకు ఒక మొహం వస్తుంది, అది ఎలా ఉంటుందోనని భయమేసింది. ఒక స్లైడు పెట్టి, ఇంకొకటి పెట్టి, అప్పుడు తిరిగింది.

గొంతు కంటే మనిషి చిన్నగా ఉన్నాడు. సన్నగా, నలుపు, చెవుల దగ్గర నెరిసింది. కొత్త చొక్కా, మడతలు ఇంకా పోలేదు. ఆమెను చూసి నవ్వబోయి, చుట్టూ జనం ఉన్నారని ఆపుకున్నాడు.

"నేనే" అన్నాడు.

"తెలుసు" అంది లూదియా. ఆ వెంటనే, "ఏనుగు?" అంది.

"చెవులొచ్చినాయి. బాగా ఇనపడతాంది ఇప్పుడు."

ఆమెకు ఒళ్లంతా సంతోషం పాకింది. అంత మంది మధ్య, ఆ ఉక్కలో, ఇద్దరికి మాత్రమే తెలిసిన ఏనుగు ఒకటి ఉండటం ఎంత గొప్ప సంగతో అప్పుడు తెలిసింది. కరుణాకర్ చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోమన్నాడు.

"మీటింగైనాక చెప్తా" అని బాలస్వామి వెనక వరసలోకి పోయాడు.

దీపాలు ఆర్పారు. మొదట కంపెనీ బొమ్మ, తర్వాత ఫ్యాక్టరీ బొమ్మ, తర్వాత పటం. లూదియా బొత్తాం నొక్కింది. తెర మీద నాలుగు గళ్లు ఆకుపచ్చ చీకట్లో మునిగిపోయాయి. బనగానపల్లె లేతాకుపచ్చ కూడా నల్లబడింది. వాటి పక్కన ఆళ్లగడ్డ ధగధగా వెలిగింది. ఆ వెలుగు ముందు వరసలో కూర్చున్నవాళ్ల మొహాల మీద పడింది. డీలర్లు విసురుకోవడం ఆపారు. లూదియా చీకట్లో నిలబడి, నాయనా, చుక్క పడింది అనుకుంది.

మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు నిద్రపోలేదు. ఆ వెలుగేమిటని ఇంగ్లీషులో అడిగాడు. కరుణాకర్ తడబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, అది మన అమ్మకాలు తక్కువున్న చోటని, అక్కడి డిపో మూసేద్దామని తన ప్రతిపాదన అని చెప్పాడు. లూదియా ట్రేను గట్టిగా పట్టుకుంది.

డైరెక్టరు లేచాడు. లావుపాటి మనిషి. తెర దగ్గరికి నడిచిపోయి ఆళ్లగడ్డ మీద అరచేయి పెట్టాడు. ఆ చేతి నీడ రుద్రవరం నుంచి చాగలమర్రి దాకా పడింది. మిగతాదంతా నిండిపోయిందయ్యా, అన్నాడు. అక్కడ ఇంకేముంది అమ్మడానికి? ఖాళీ ఉన్నది ఇక్కడే. పటం ఎంత చక్కగా చూపిస్తోందో చూడండి. ఖాళీ జాగా వదిలి వచ్చేస్తారా ఎవరైనా? డిపో మూయడానికి వీల్లేదు.

హాల్లో సగం మందికి ఇంగ్లీషు రాదు, అయినా చప్పట్లు కొట్టారు. లూదియా కూడా కొట్టింది. మూయడానికి వీల్లేదు అన్న ఒక్క మాట ఆమె చెవిలో పడింది. అది చాలనిపించింది. శనివారం ఉంది, ఉలి చప్పుడు ఉంది. దేవుడు ఉన్నాడు.

డైరెక్టరు ఇంకా మాట్లాడుతున్నాడు. ఇలాంటి చోటికి పాత మనుషులు పనికిరారు. వ్యవసాయం చదివిన కుర్రవాణ్ణి వేయండి, జీపు ఇవ్వండి, ఊరూరా మన ఎరువు వేసి చూపించే ప్రదర్శన మళ్లు పెట్టించండి. ఇప్పుడున్న ఇన్‌ఛార్జిని హిందూపురంలో కొత్త గోదాము కడుతున్నాం కదా, అక్కడికి పంపండి. వచ్చే వారమే.

హిందూపురం ఆ పటంలో లేదు. లూదియా గీసిన గీత దాటి, అనంతపురం దాటి, కర్ణాటక అంచున ఎక్కడో ఉంది. ఆమె చేయి బొత్తాం మీద ఉండిపోయింది. కరుణాకర్ తర్వాతి స్లైడు అని రెండుసార్లు పిలిచాడు.

భోజనాలప్పుడు బాలస్వామి కనపడలేదు. సాయంత్రం ఆమె ట్రే సర్దేసి బయటికి వచ్చేసరికి లాడ్జి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. పక్కపక్కన కాదు, ఆయన కొంచెం ముందు, ఆమె కొంచెం వెనక, చూసేవాళ్లకు వేరే వేరే మనుషుల్లాగా. ఆళ్లగడ్డ బస్సు నిలబడి ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు.

"ఏదో చెప్తామన్నారు" అంది లూదియా.

"ఇంగ దాంతో పని లేదులెమ్మా."

"అయినా చెప్పండి."

బాలస్వామి బస్సు వైపు చూస్తూ చెప్పాడు. "పోయిన నెల మేనేజరు ఆళ్లగడ్డకు వచ్చినాడు. డిపో మూస్తాం, నిన్ను నంద్యాల గోదాముకు వేస్తాం, ఎవురికీ చెప్పొద్దు అన్న్యాడు. మీ ఆఫీసు వెనక గోదామే. పొద్దునా సాయంత్రం ఈడనే గదా అనుకుంటి. మీకు నోటితో చెప్పాలని ఆపుకున్యా."

లూదియాకు బస్టాండు చప్పుడంతా దూరంగా పోయింది. "అందుకేనా నీళ్లెట్లుంటాయని అడిగింది?"

"ఆ. మీ పక్కనే యాడన్నా ఒక రూము చూసుకుందామని. ఏమన్నా అనుకుంటారేమో అని అడగలేకపోతి."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈయన అడగలేదు, ఆమె అడగలేదు, మధ్యలో ఒక పటం వచ్చి ఇద్దరి తరఫునా మాట్లాడింది. లూదియాకు దాచుకోవాలనిపించలేదు.

"ఆ పసుపు నేనే పలచగా పూసినా" అంది. "వెలుగుతాదని తెలిసే పూసినా. మిమ్మల్ని ఆడ్నించి ఎవురూ కదిలించకూడదని."

బాలస్వామి అప్పుడు ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు ఆయన మొహంలో. కోపం ఉన్నా బాగుండేది.

"నేను కదలాలనే గదమ్మా దినామూ ప్రార్థన చేసుకుంటాంటి" అన్నాడు.

డ్రైవరు టీ గ్లాసు పెట్టేసి హారను కొట్టాడు. కండక్టరు ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ అని అరిచాడు. బాలస్వామి ఎక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ, ఎండ పడుతోందని కండక్టరు షట్టరు దించేశాడు. బస్సు కదిలి బయటికి పోయింది. లూదియా అక్కడే నిలబడింది. ఆమెకు అప్పుడు గట్టిగా పిలవాలనిపించింది. కానీ ఏమని పిలవాలి? అన్నా అనలేదు, సార్ అనలేదు. ఆయనకు పిలుపు ఏదీ పెట్టుకోలేదు ఆమె. ఇన్నాళ్లూ అది ఏదో దాచుకున్నట్టు మురిసిపోయింది, ఇప్పుడు చూస్తే చేతిలో ఏమీ లేదు.

హిందూపురం గోదాముకు ఫోను లేదు. క్రిస్మసుకు ఒక కార్డు వచ్చింది. అచ్చు వేసిన శుభాకాంక్షల కింద "బాలస్వామి" అని మాత్రం ఉంది. ఆమె అలాంటిదే ఒక కార్డు కొని, కింద "లూదియా" అని రాసి పంపింది. ఇంకేమైనా రాద్దామని చాలాసేపు కూర్చుంది. ఆయన రాయనిది తను ఎలా రాస్తుంది?

శనివారం ఫోను మాత్రం మోగుతూనే ఉంది. కొత్త ఆఫీసరు చదువుకున్న కుర్రవాడు. ఊర్లూ అంకెలూ గబగబా చదివేవాడు. రుద్రవరం రెండు వందలు, ఉయ్యాలవాడ నూట యాభై. రాసుకున్నారా అనేవాడు. ఊ అనేలోపు పెట్టేసేవాడు. మూడు నిమిషాల్లో రెండు మిగిలిపోయేవి. ఒకసారి మాత్రం ఆమె ధైర్యం చేసి, "పక్కన రాళ్లు చెక్కేవాళ్లు ఉండారు గదా, ఆ ఏనుగు పంపించినారా?" అని అడిగింది.

"ఏ ఏనుగు?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్."

డిపోను మెయిన్‌రోడ్డు మీద కొత్త బిల్డింగుకు మార్చారని తర్వాత శేషయ్య చెప్పాడు. అందుకే ఫోనులో ఉలి చప్పుడు లేదు. శేషయ్య ఆ తర్వాత ఆమెను ఆట పట్టించలేదు. అంతకంటే ఆమెకు బాధ కలిగించింది ఇంకొకటి లేదు.

మరుసటి ఏడు మే నెల మీటింగుకు మళ్లీ పటం కావాల్సొచ్చింది. డైరెక్టరుకు ఆ పటం ఎంత నచ్చిందంటే, రంగుల లెక్క మార్చొద్దు, అదే ఉంచండని ప్రత్యేకంగా చెప్పి పంపాడు. ఆళ్లగడ్డ అమ్మకాలు నంద్యాలను దాటాయి. లూదియా ముదురాకుపచ్చ కలిపింది. రుద్రవరం మీద, చాగలమర్రి మీద, ఉయ్యాలవాడ మీద చిక్కగా పూసింది. ఆరాక ఇంకో పూత వేసింది. రాజరత్నం పటం గోడకు పెట్టి చూసి, ఈసారి బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నాడు.

అదే హాలు, అవే నల్ల గుడ్డలు. వెనక వరసలో తెలిసిన మొహం లేదు. దీపాలు ఆర్పారు. లూదియా బొత్తాం నొక్కింది. కరుణాకర్ కర్రతో ఆళ్లగడ్డ చూపించి ఏడాదిలో సాధించిన విజయం గురించి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లూదియా తెర వైపు చూసింది. ఆ మూల నల్లగా ఉంది. కర్ర చివర లేకపోతే ఊరు ఎక్కడుందో కూడా తెలియదు.

"నెక్స్ట్" అన్నాడు కరుణాకర్. ఆమె నొక్కింది.